ఫోన్‌లో జ్ఞాపకశక్తి పరీక్ష: పెద్దవాళ్లకు కష్టం కలగకుండా చేయడం, వాళ్ల అభిప్రాయం సరిగ్గా రాబట్టడం

ఫోన్‌లో జ్ఞాపకశక్తి పరీక్ష ముగించి "ఎలా ఉందండీ?" అని అడిగితే డెబ్బై ఏళ్ల పెద్దాయన "బాగుందండీ" అంటారు. సగం ప్రశ్నలు వినపడకపోయినా అదే అంటారు. మధ్యలో కోడలు జవాబు అందించినందుకు చిన్నబుచ్చుకున్నా అదే అంటారు. అడుగుతున్నది పరీక్ష చేసినవాళ్లే కదా, వాళ్ల మొహం మీదే బాగాలేదని చెప్పడం మన ఇళ్లలో మర్యాద అనిపించుకోదు. ఆ "బాగుంది" వెనక ఏముందో తెలియాలంటే రెండు పనులు చేయాలి. నిజంగా బాగుండేలా పరీక్ష నడపాలి. బాగాలేకపోతే ఆ మాట చెప్పే వీలు పేషెంటుకు ఇవ్వాలి.

ఇది ముఖ్యంగా న్యూరాలజీ విభాగాల్లో, మెమరీ క్లినిక్‌లలో పరీక్షలు చేసే సైకాలజిస్టులకూ వాళ్ల దగ్గర పనిచేసే సిబ్బందికీ రాసింది. ఇంట్లో పెద్దవాళ్లకు ఇలాంటి పరీక్ష చేయించబోతున్నవాళ్లకు కూడా ఇందులో చాలా సంగతులు పనికొస్తాయి.

ముందు, ఎవరికి ఫోన్ పరీక్ష వద్దు

ఫోన్‌లో మాట ఒక్కటే వెళుతుంది. కాబట్టి పదాల జాబితా గుర్తుపెట్టుకుని చెప్పడం, కథ విని తిరిగి చెప్పడం, అంకెలు ముందుకీ వెనక్కీ చెప్పడం, నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చూడడం, వందలోంచి ఏడేసి తీసేయడం, తేదీ, వారం, ఊరు అడగడం వంటివి కుదురుతాయి. గడియారం బొమ్మ గీయించడం, బొమ్మలు చూపించి పేర్లడగడం, కాగితం మీద అంకెలు కలిపించడం కుదరవు. జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే మోకా అనే పరీక్షకు మామూలుగా 30 మార్కులు. ఫోన్ రూపంలో గీతలు గీసేవాటి 5, బొమ్మల పేర్ల 3 తీసేసి 22 మిగిల్చారు. మొదటి నుంచీ ఫోన్ కోసమే తయారైన టిక్స్ పరీక్ష 1988లో వచ్చింది. అందులో 11 అంశాలు, 41 మార్కులు. ఏది వాడినా దాని హక్కుదారుల అనుమతి, శిక్షణ నియమాలు పాటించాలి. ఇంగ్లిషు కాగితం ముందు పెట్టుకుని అప్పటికప్పుడు నోటికొచ్చిన తెలుగులో అడగడం పరీక్ష కిందికి రాదు.

దారి తెలియక తికమక పడుతున్నవాళ్లకు, ఎదురుగా ఉన్న వస్తువు పోల్చుకోలేనివాళ్లకు, లేని మనుషులు కనిపిస్తున్నారని చెప్పేవాళ్లకు అసలు చూడాల్సింది చూపుకు సంబంధించిన సామర్థ్యాలనే. వాళ్లకు ఫోన్ పరీక్ష చేసి మార్కులు బాగానే ఉన్నాయని పంపితే నష్టం చేసినట్టే. రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా తికమక మొదలైనవాళ్లను ఆ రోజే ఆసుపత్రికి రమ్మనాలి. మాట పడిపోయినవాళ్లు, వినికిడి బాగా తగ్గినవాళ్లు కూడా నేరుగా రావాలి. "మీకు ఫోన్‌లో కుదరదు, రండి" అని కారణంతో సహా చెప్పినప్పుడు జనం నొచ్చుకోరు. నలభై నిమిషాలు పరీక్ష చేశాక "మళ్లీ రండి" అంటేనే నొచ్చుకుంటారు.

ముందు రోజు పది నిమిషాల ఫోన్

ఈ పది నిమిషాలు ఎగ్గొడితే మర్నాటి గంట వృథా. ముందు తొలగించాల్సింది మోసం భయం. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తుంది, ఎత్తగానే మీ పేరు, వయసు, ఉండే ఊరు, ఫోన్ నంబరు చెప్పండి అంటారు. జ్ఞాపకశక్తి పరీక్షల మొదటి ప్రశ్నలు సరిగ్గా ఇవే. సైబర్ మోసాల గురించి పిల్లలు వందసార్లు హెచ్చరించిన పెద్దవాళ్లు ఇక్కడే బిగుసుకుపోతారు, లేదా పెట్టేస్తారు. అందుకే ముందు రోజే ఇలా చెప్పండి:

"నమస్కారమండీ. మీరు చూపించుకుంటున్న న్యూరాలజీ విభాగం నుంచి మాట్లాడుతున్నాను. రేపు పదింటికి ఇదే నంబరు నుంచి ఫోన్ చేస్తాం. పేరు, వయసు, తేదీ లాంటివి అడుగుతాం, అవి కూడా పరీక్షలో భాగమే. ఓటీపీ, బ్యాంకు ఖాతా, ఆధార్ నంబరు మాత్రం ఎప్పుడూ అడగం. అనుమానం ఉంటే మీ చీటీ మీదున్న ఆసుపత్రి నంబరుకు ఫోన్ చేసి కనుక్కోండి."

సమ్మతి కూడా అప్పుడే తీసుకోవాలి. మన దేశంలో 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం పేషెంటే ఫోన్ చేస్తే సమ్మతి ఉన్నట్టు లెక్క. మనవైపు నుంచి మొదలుపెడితే స్పష్టంగా అడిగి తీసుకుని నమోదు చేయాలి. రికార్డు చేసేటట్టయితే దానికి వేరే అడగాలి. వద్దంటే రికార్డు లేకుండానే పరీక్ష జరుగుతుందని ఆ మాటలోనే చెప్పాలి. లేకపోతే ఎవరూ వద్దనరు.

ఆ పది నిమిషాల్లోనే ఇంకొన్ని కనుక్కోండి. ఫోన్ ఎవరిది? కొడుకుది అయితే పదింటికి కొడుకు ఆఫీసులో ఉంటాడు, ఫోన్ కూడా అతనితోనే ఉంటుంది. ఏ చెవి బాగా వినపడుతుంది? చదువు ఎంతవరకు? ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, లెక్కలు ఏ భాషలో వేస్తారు? పరీక్ష సమయంలో ఎక్కడ ఉంటారు, పక్కన ఎవరుంటారు, వాళ్ల నంబరెంత? చివరిది అత్యవసరం కోసం. పరీక్ష మధ్యలో "ఇంకెందుకు బతకడం" లాంటి మాట వస్తే పరీక్ష ఆపి, ఇంట్లోవాళ్లను పిలిచి, డాక్టరుకు చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416 ఎదురుగా రాసిపెట్టుకోండి.

సమయం ఉదయం పది, పదకొండు మధ్య మంచిది. అప్పటికి టిఫిను, మాత్రలు అయిపోయి ఉంటాయి, నిద్రమత్తు ఉండదు. పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవాళ్లకు దాని మందు లీవోడోపా పనిచేసే వేళ చూసుకోవాలి. మాత్ర వేసుకున్న సుమారు గంటకు ఎలా ఉంటారో ఇంట్లోవాళ్లను అడిగి, అదే వేళకు పెట్టండి. అమెరికాలో ఉన్న పిల్లలు తామూ లైనులో ఉంటామంటారు. వాళ్ల కోసం పరీక్షను రాత్రి తొమ్మిదింటికి మార్చొద్దు. కాన్ఫరెన్స్ కలిపితే లైను నాణ్యత తగ్గుతుంది, ముగ్గురూ ఒకేసారి మాట్లాడతారు. ఫలితం వివరించే రోజు వాళ్లను కలపండి.

వినపడిందా లేదా అన్నదే సగం పరీక్ష

పాత పద్ధతి ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే మోసుకెళుతుంది. స, శ, ఫ లాంటి హల్లుల శక్తిలో చాలా భాగం దానికి పైన ఉంటుంది. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేదీ ఆ పై శబ్దాలే. రెండూ కలిసినప్పుడు పాలు, తాలు, కాలు ఒకేలా వినిపిస్తాయి. మ, న కూడా కలిసిపోతాయి. పదం తప్పు చెబితే మరిచిపోయారా, వినలేదా అన్నది మనకు తెలియదు. పేషెంటుకు మాత్రం తన బుర్ర పాడైపోయిందనే అనిపిస్తుంది. ఫోన్ పరీక్షల మీద అసంతృప్తికి పెద్ద కారణాల్లో ఇదొకటి. దీన్ని ముందే సరిచేయవచ్చు కాబట్టి వదిలేయడానికి సాకు లేదు.

పరీక్షలో లేని ఐదు పదాలు ఒక్కొక్కటిగా చెప్పి వెంటనే తిరిగి అనమనండి: గొడుగు, సున్నం, తాళం, పీట, మేక. ఐదూ సరిగ్గా అంటే ముందుకు వెళ్లండి. ఒకటి తప్పితే ఫోన్ రెండో చెవికి మార్చి, ధ్వని పెంచి, వేరే ఐదు పదాలతో మళ్లీ చూడండి. అప్పటికీ తప్పులొస్తే ఆ రోజుకు ఆపడమే మేలు. స్పీకరులో పెడితే గది ప్రతిధ్వని కలుస్తుంది, ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ల మాట తెగిపోతుంది. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు మేలు. హియరింగ్ ఎయిడ్ వాడేవాళ్లకు మాత్రం స్పీకరే నయం కావచ్చు, రెండూ పెట్టి చూసి వాళ్లు ఏది బాగుందంటే అది ఉంచండి. ఫ్యాను తగ్గించి, టీవీ ఆపి, వంటగది తలుపు మూయించండి. కుక్కరు విజిలు ఒక్కటి చాలు, పదాల జాబితాలో ఒక పదం పోతుంది.

పరీక్ష జరుగుతుండగా

"మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని ముందే అడగండి. పదవీ విరమణ చేసిన టీచరును మాస్టారూ అంటే గొంతులోనే తేడా తెలుస్తుంది. అమ్మా, అండీ, గారు దాదాపు అందరికీ సరిపోతాయి. తాతా, బామ్మా అని వరసలు కలపొద్దు, కొందరికి నచ్చదు. నచ్చలేదని చెప్పరు కూడా.

మొదలుపెట్టే ముందు ఒక మాట తప్పనిసరి: "ఇందులో కొన్ని తేలిక, కొన్ని కష్టం. అన్నిటికీ జవాబు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. తెలియకపోతే తెలియదనండి, తరవాతదానికి వెళదాం." ఇది అనకపోతే నాలుగో ప్రశ్నకే చెమటలు పడతాయి. జవాబు విన్నాక "కరెక్ట్", "అయ్యో కాదు" అనకూడదు. "సరేనండీ, తరవాతది" అని ఒకే గొంతుతో అంటే చాలు. మీరు రాసుకునేటప్పుడు అవతలివాళ్లకు వినిపించేది నిశ్శబ్దమే. అది వాళ్లకు తప్పు చెప్పినట్టు అనిపిస్తుంది, లేదా లైను పోయిందనిపించి "హలో, హలో" అంటారు. "రాసుకుంటున్నానండీ" అని మధ్యమధ్య చెబుతుండండి.

పెన్ను, కాగితం, క్యాలెండరు, పేపరు దూరంగా పెట్టమనేటప్పుడు కారణం చెప్పండి: "రాసుకుంటే మీ జ్ఞాపకశక్తి ఎంతుందో మాకు తెలియదు, మందు సరిగ్గా ఇవ్వలేం." అనుమానిస్తున్నట్టు వినిపించకూడదు. పక్కనున్నవాళ్ల విషయంలో "మీరు మాట్లాడొద్దు" అనడం పనిచేయదు, అందించే నోరు ఆగదు. వాళ్లకు ఒక పని అప్పజెప్పండి. ఫోన్ పేషెంటు చేతికిచ్చి గది బయటికి వెళ్లడం, పరీక్ష అయ్యేలోపు పేషెంటు రోజువారీ పనుల గురించి బంధువులు నింపే ప్రశ్నల కాగితం పూర్తి చేయడం. అలాంటి కాగితమే అయిన సంక్షిప్త ఐక్యూకోడ్‌లో 16 ప్రశ్నలే ఉంటాయి, సరిగ్గా సరిపోతుంది.

మొత్తం 40 నిమిషాలు దాటొద్దు. పదాలు నేర్పాక మళ్లీ అడిగేలోపు 20 నుంచి 25 నిమిషాలు గడవాలంటే ఆ మధ్యలో అంకెల పనులు పెట్టండి. జంతువుల పేర్లు, మరో కథ పెడితే ఆ పదాలు వీటిలో కలిసిపోతాయి. చివరి ప్రశ్న తేలికైనది పెట్టండి. పరీక్ష ఎలా ముగిసిందో అదే వాళ్లకు సాయంత్రం దాకా గుర్తుంటుంది.

లైను తెగితే ఎవరు చేయాలో ముందే చెప్పుకోవాలి: ఎప్పుడూ మనమే, నిమిషంలోపు. ఇద్దరూ చేస్తే ఇద్దరికీ బిజీ వస్తుంది. పదాల జాబితా మధ్యలో తెగితే అదే జాబితా మళ్లీ చదవొద్దు, సమానమైన రెండో జాబితా వాడండి. జంతువుల నిమిషంలో తెగితే ఆ నిమిషాన్ని లెక్కలోంచి తీసేయండి. రెండుసార్లు తెగితే ఇంకో రోజుకు మార్చండి. ఎన్నిసార్లు, ఎక్కడ తెగిందో నివేదికలో రాయండి.

తెలుగులో మాత్రమే ఎదురయ్యేవి

అంకెలతో మొదలుపెడదాం. ఇంగ్లిషులో ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక్క ఏడు తప్ప అన్నీ ఒకే అక్షరమంత పలుకు. మనకు ఎనిమిది నాలుగు అక్షరాలు, నాలుగు, తొమ్మిది మూడేసి. పలకడానికి ఎక్కువసేపు పట్టే మాటలు తక్కువ గుర్తుంటాయి. కాబట్టి ఇంగ్లిషువాళ్ల ప్రమాణంతో తెలుగు అంకెల మార్కులు పోల్చకూడదు. పైగా మనవాళ్లు ఫోన్ నంబరు ఇంగ్లిషులో, డబ్బు లెక్క తెలుగులో చెబుతారు. హైదరాబాదులో అయితే మూడో భాష కూడా కలుస్తుంది. అంకెలు ఏ భాషలో అడిగారో రాసిపెట్టి, మరోసారి చేసినప్పుడు అదే భాషలో అడగండి.

తేదీ అడిగితే కొందరు దశమి అంటారు. అది తిథి, వాళ్ల లెక్క నూటికి నూరుపాళ్లు సరైనదే. "ఇంగ్లిషు తేదీ ఎంతండీ?" అని మరోసారి అడిగి ఆ జవాబుకే మార్కు వేయండి, తిథి చెప్పిన సంగతి పక్కన రాయండి. కూరగాయల పేర్లలో సొరకాయ, ఆనపకాయ రెండూ చెబితే ఒకటిగానే లెక్క. అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమన్నప్పుడు గుణింతం చిక్కు వస్తుంది: "ప" అంటే పాలు, పిల్లి లెక్కకొస్తాయా? వస్తాయో రావో ముందే ఉదాహరణతో చెప్పాలి, క్లినిక్‌లో అందరూ ఒకే నియమం పాటించాలి. ఐదారు తరగతులైనా చదవనివాళ్లను ఈ ప్రశ్న అడగకపోవడమే న్యాయం. అక్షరం రాని మనిషిని అక్షరం గురించి అడిగితే చిన్నతనంగా ఉంటుంది, వచ్చే మార్కుకు అర్థమూ ఉండదు. జంతువులు, కూరగాయలు అడగండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో ఇలాంటి పరీక్షల సంపుటి తయారు చేయించింది. తెలుగు ప్రమాణాలు కావాల్సినవాళ్లు ముందు అటు చూడాలి. అది ఎదురెదురుగా చేయడానికి తయారైనది కాబట్టి ఆ మార్కులను ఫోన్‌కు యథాతథంగా అన్వయించకండి.

ఫలితం వారంలోపు చెప్పండి

పరీక్ష బాగా జరిగినా ఫలితం ఎవరూ చెప్పకపోతే ఆ కుటుంబం దృష్టిలో పరీక్ష బాగాలేనట్టే. పరీక్ష రోజే ఫలితం చెప్పే తేదీ ఇవ్వండి. "22కి 15 వచ్చాయి" అనొద్దు, బడిలో మార్కుల్లా వినిపిస్తుంది. ఏది నిలిచి ఉందో ముందు చెప్పండి, తరవాత ఏది తగ్గిందో, దానివల్ల ఇంట్లో ఏం కనిపించవచ్చో, ఇక ఏం చేయాలో చెప్పండి. ఫోన్ పరీక్ష ఒక్కదాన్ని పట్టుకుని డిమెన్షియా అని పేరు పెట్టకూడదు. బీ12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, నిద్రమాత్రలు కూడా జ్ఞాపకశక్తిని తగ్గిస్తాయి, వాటిని చూడాలి. ఫలితం ఎవరెవరి ముందు చెప్పాలో పేషెంటునే అడగాలి. "మా నాన్నకు చెప్పకండి, నాకు చెప్పండి" అనే ఫోన్ తప్పకుండా వస్తుంది. నాన్నగారిని అడిగి చెబుతామని అనడమే సరైన జవాబు.

అభిప్రాయం అడగడం

పరీక్ష చేసినవాళ్లు అడగకూడదు. మరొకరు అడగాలి, పేరుతో డాక్టరుకు వెళ్లదని చెప్పాలి. ఎప్పుడన్నది కూడా ముఖ్యమే. జ్ఞాపకశక్తి తగ్గినవాళ్లను వారం తరవాత అడిగితే ఏ ఫోన్ గురించో వాళ్లకు గుర్తుండదు, మర్యాదకు బాగుందంటారు. పరీక్ష అనుభవం గురించి అదే సాయంత్రమో మర్నాడో అడగండి. ఫలితం చెప్పిన తీరు గురించి ఆ తరవాత రెండోసారి అడగండి. రెండూ కలిపి ఒకే మార్కు చేయొద్దు.

"సంతృప్తి" అన్న మాట ఇంట్లో ఎవరూ వాడరు, ప్రశ్నలో వద్దు. "మీకు ఇబ్బందేమీ కలగలేదు కదా?" అని అస్సలు అడగొద్దు. దానికి వచ్చే "ఆఁ" అన్న జవాబు "ఆఁ, కలగలేదు" అవుతుంది, "ఆఁ, కలిగింది" కూడా అవుతుంది. పైగా కదా అనగానే జవాబు మనమే అందించినట్టు. ప్రశ్న ఎప్పుడూ నేరుగా ఉండాలి, ఒక్కోదానిలో ఒక్కటే అడగాలి:

– మా మాటలు చెవికి స్పష్టంగా వినిపించాయా?
– ఈ పరీక్ష ఎందుకు చేస్తున్నామో మొదలుపెట్టే ముందు తెలిసిందా?
– ఏ ప్రశ్న దగ్గరైనా చిన్నతనంగా అనిపించిందా? ఏది?
– మధ్యలో ఆపేద్దామనిపించిందా? ఎక్కడ?
– ఎక్కువసేపు పట్టిందా, సరిపోయిందా, తొందరపెట్టారా?
– ఆసుపత్రికి రాకుండా ఫోన్‌లో అవడం ఎలా అనిపించింది?
– మళ్లీ చేయాల్సి వస్తే ఫోన్‌లో చేయించుకుంటారా, వస్తారా?

ప్రయాణం తప్పిన ఆనందాన్ని విడిగా అడగడానికి కారణం ఉంది. బస్సు ఛార్జీ, తోడు వచ్చేవారి ఒక రోజు కూలి మిగిలాయంటే, సగం వినపడని పరీక్షకు కూడా జనం పూర్తి మార్కులు వేస్తారు. ఆ మిగులు నిజమైన మేలే. పరీక్ష నాణ్యత అందులో కొట్టుకుపోకూడదు.

ఐదు మెట్ల జవాబుల వరస ఫోన్‌లో చదివితే చివరిదే గుర్తుంటుంది. రెండుగా విడగొట్టండి. ముందు "బాగుందా, బాగాలేదా?" అడగండి. జవాబు వచ్చాక "చాలానా, కొంచెమా?" అనండి. నాలుగు మెట్లు తేలిగ్గా వచ్చేస్తాయి. సేవ ఎలా ఉందో అడిగే తయారు ప్రశ్నల కాగితం సీఎస్‌క్యూ-8 వాడదలచుకుంటే అందులో 8 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 4, మొత్తం 8 నుంచి 32 వస్తుంది. దానికీ హక్కులున్నాయి. అనుమతి తీసుకుని, తెలుగు చేయించి, ఆ తెలుగును మరొకరితో తిరిగి ఇంగ్లిషు చేయించి సరిచూశాకే వాడాలి. ఇంట్లోవాళ్లకు వేరే కాగితం పెట్టండి. అందులో "జవాబు అందించాలనిపించిందా? ఎక్కడైనా అందించారా?" అన్నది తప్పక ఉండాలి. తప్పు పట్టరని తెలిస్తే నిజం చెబుతారు, ఆ నిజంతో మార్కుల అర్థమే మారవచ్చు.

లెక్క కట్టేటప్పుడు జవాబు చెప్పినవాళ్లను మాత్రమే లెక్కేయడం అందరూ చేసే పొరపాటు. ఉదాహరణకు 40 మందికి ఫోన్ చేస్తే 31 మంది పరీక్ష పూర్తి చేశారు, 26 మంది అభిప్రాయం చెప్పారు, వాళ్లలో 24 మంది బాగుందన్నారనుకుందాం. 26లో 24 అంటే 92 శాతం. పిలిచిన 40 మందిలో అది 60 శాతమే. ఫోన్ ఎత్తనివాళ్లు, మధ్యలో పెట్టేసినవాళ్లు ఎందుకలా చేశారో కనుక్కుంటే మిగతావాళ్ల పొగడ్తల కన్నా ఎక్కువ తెలుస్తుంది. రెండు అంకెలూ పక్కపక్కనే రాయండి.

"సరిగ్గా వినపడలేదు" అన్న జవాబు పదిలో రెండు మూడుసార్లు వస్తే పేషెంట్ల చెవులను అనుమానించే ముందు మన గది చూడండి. తల మీద ఫ్యాను, స్పీకరులో పెట్టిన మన ఫోన్, నోటికి దూరంగా జారిన హెడ్‌సెట్ మైకు, పక్క టేబుల్ దగ్గర మాటలు. మన సిబ్బందిలోనే ఒకరికి ఫోన్ చేసి ఆ ఐదు పదాలు చదివి వినిపిస్తే లోపం ఎటువైపుందో రెండు నిమిషాల్లో తేలుతుంది.